నా వంతు మందు

"రెండు వేసుకో, చాలు. మిగతావి దాచు. రేపు ఎవరికి ఏం వస్తుందో" అంది అత్త.

పొద్దున్నే అంట్లు తోముతూ తోముతూ కుళాయి గొట్టాన్ని పట్టుకుని బిగుసుకుపోయిన కోడల్ని చూసి అన్న మాట అది. ఏమైందని అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. ఆ మంట ఆ ఇంట్లో ఆడవాళ్ళకి జలుబులాంటిది. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. ఒంటికి వెళ్తే నిప్పు, వెళ్ళకపోతే పొత్తికడుపులో బండరాయి. అత్త గదిలోకి వెళ్ళి తన రేకు డబ్బా తెచ్చింది. వేలితో అటూ ఇటూ కెలికి, కత్తెరతో సగం కత్తిరించిన అట్ట ఒకటి తీసి, అందులోంచి ఎరుపూ నలుపూ గొట్టం మాత్రలు రెండు నొక్కి కోడలి తడి అరచేతిలో పెట్టింది. పక్కగది ముసలాయన కాలి పుండుకి ఇస్తే మిగిలినవి అవి. పుండు మందు మంటకి పనిచేస్తుందా అని కోడలు అనుకోలేదు. మందు మందే. మింగి, మిగిలిన గిన్నెలు తోమి, కూతురికి జడ వేసి, భర్తకి డబ్బా కట్టి పనికి పరిగెత్తింది.

ఆమెని ఫ్యాక్టరీలో కాజాలమ్మాయి అంటారు. చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో కాజాల మిషన్ ఆమెది. రోజంతా చొక్కాలకి కళ్ళు తెరిపించడం పని. పక్క మిషన్ మీద గుండీలు కుట్టే ఆవిడ గుండీలక్క. గుండీలక్క ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగింది. కాజాలమ్మాయి దేశం విడిచి వచ్చిన మనిషి. ఒకరి భాష ఒకరికి రాదు. అయితేనేం, కాజాకీ గుండీకీ మధ్య దుబాసీ ఎందుకు? ఒకావిడ కనుబొమ్మ ఎగరేస్తే రెండో ఆవిడకి సూపర్‌వైజరు వస్తున్నాడని అర్థం. ఒకావిడ నడుం పట్టుకుంటే రెండో ఆవిడ తన కట్ట పక్కకి పెట్టి ఈవిడ కట్ట అందుకుంటుంది. స్నేహానికి అంతకంటే వ్యాకరణం వాళ్ళకి అవసరం పడలేదు.

అత్త డబ్బాకి పెద్ద కథే ఉంది. మామగారు వెనకటి దేశంలో ఓ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన పోయినా ఆ గౌరవం అత్తకి మిగిలింది. వీధిలో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా "కాంపౌండరమ్మా" అని వచ్చేవాళ్ళు. అందరూ పారిపోయిన రోజున ఒకరు బంగారం మూట కట్టుకున్నారు, ఒకరు ఇంటి పత్రాలు చంకన పెట్టుకున్నారు, అత్త మాత్రం ఈ డబ్బా పట్టుకుంది. ముసల్దానికి మతి పోయిందన్నారు. తర్వాత దారిలో, డేరాల్లో, డాక్టరన్నవాడి నీడ కూడా లేనిచోట, మనవరాలికి ఒళ్ళు పెనంలా కాలిపోయి ఊపిరి ఎగపోస్తుంటే ఆ డబ్బాలోని మందే పిల్లని బతికించింది. కాజాలమ్మాయి ఆ సంగతి మర్చిపోయే మనిషి కాదు. కూతురు పక్కగది పిల్లలతో గొంతు చించుకుని పోట్లాడుతున్నప్పుడల్లా, ఆ గొంతు ఉండడానికి ఈ ముసలావిడే కారణమని ఆమెకి గుర్తొస్తూనే ఉండేది. అందుకే అత్త రెండు అంటే రెండు, ఒకటి అంటే ఒకటి.

ఇక్కడికొచ్చాక డేరాలు పోయి గదులు వచ్చాయి. పాత గోదాంని చెక్క పలకలతో అడ్డం కొట్టి చేసిన గదులు. ఇటువైపు దగ్గితే అటువైపు వాళ్ళు మంచినీళ్ళు తాగమనేవాళ్ళు. క్లినిక్కూ ఉంది, కానీ వెళ్తే పూట పని పోతుంది. భాష రాదు. పైగా ఎక్కడ మంట అని అడిగితే వేలితో చూపించాలా? సందు మొదట్లో మందుల షాపాయన చీటీ అడిగే రకం కాదు. జబ్బు సైగ చేస్తే చాలు, కత్తెర తీసి నాలుగు గొట్టాలు కత్తిరించి ఇస్తాడు. కొనుక్కున్నవాళ్ళు తగ్గగానే మానేసి మిగిలినవి కాంపౌండరమ్మకి తెచ్చి ఇస్తారు. ఆవిడ ఇంకొకరికి పంచుతుంది. పుణ్యం కదా. ఊరు పోయి, ఇల్లు పోయి, భాష పోయిన చోట అత్తకి మిగిలిన పెద్దరికం ఆ డబ్బా ఒక్కటే.

పంపకంలో మాత్రం ఒక పద్ధతి ఉండేది. కొడుక్కి ఏదైనా వస్తే అట్ట మొత్తం. "మగాడు పడుకుంటే ఇల్లు పడుకుంటుంది" అనేది. మనవరాలికి పూర్తి మందు. కోడలికి లేచి నిలబడ్డానికి సరిపడా. కోడలూ పనికి వెళ్తుందనీ, ఆమె పడుకున్నా ఇల్లు పడుకుంటుందనీ ఎవరూ అనలేదు. అసలు ఆమే అనుకోలేదు. కిందటిసారి గుండీలక్క బలవంతం మీద క్లినిక్కి వెళ్తే, ఆమె కోసమే అని అట్ట నిండా మాత్రలిచ్చారు. మంట తగ్గీ తగ్గకముందే భర్తకి పన్ను వాచింది. "నీకు తగ్గినట్టేగా?" అన్నాడు, దవడ పట్టుకుని. అడిగాడని కూడా కాదు. ఆయన నోరు తెరవకముందే ఆమె చెయ్యి అట్ట అందుకుంది. చారులో ముక్కలన్నీ అందరికీ వేసి అడుగున నీళ్ళు తను పోసుకునే చెయ్యి అది, దానికి ఇంకో దారి తెలీదు. భర్త చెడ్డవాడేం కాదు. తాగడు, కొట్టడు, ఇటుకల బట్టీలో నడుం విరిగేలా పనిచేస్తాడు. "నిన్నూ పిల్లనీ ప్రాణాలతో ఇక్కడిదాకా తెచ్చాను, ఇంకేం కావాలే?" అంటాడు ఎప్పుడైనా. నిజమే. ఇంకేం కావాలి? ఆ ప్రశ్నకి జవాబు ఉంటుందని ఆమెకి తోచేదే కాదు.

నీళ్ళు తాగడం ఎప్పుడో మానేసింది. తాగితే వెళ్ళాలి. గదుల దగ్గర మరుగుదొడ్లు ఆవరణ చివర, వాటి ముందే చెట్టు కింద మగవాళ్ళ పేకాట. తలుపుకి గడియ లేదు, ఒక చేత్తో లాగి పట్టుకోవాలి. ఫ్యాక్టరీలో ఇంకో చిత్రం. వరస మొత్తానికి ఒక చెక్కబిళ్ళ. అది సూపర్‌వైజరు బల్ల మీద ఉంటుంది. ఎవరు వెళ్ళాలన్నా అందరూ చూస్తుండగా వెళ్ళి బిళ్ళ అడిగి తీసుకోవాలి, వచ్చి మళ్ళీ ఇవ్వాలి. రెండోసారి అడిగితే అతను ఏదో అంటాడు, మగ కటింగ్ మాస్టర్లు పగలబడతారు. ఆ మాటలకి అర్థం తెలియకపోవడం కూడా కొన్నిసార్లు అదృష్టమే. ఒకరోజు మాత్రం అతను సైగలతో చెప్పాడు: కడుపులో పంపు పెట్టించుకున్నావా అని. భాష రాకపోయినా అర్థమైంది. ఆ రోజు నుంచి పొద్దున్న ఒక గుక్క టీ, అంతే. దాహం వేస్తే పెదవులు తడుపుకునేది. ఇలా నెలల తరబడి ఎండగట్టిన ఒంట్లోకి ఆ మంట ఎందుకు తిరిగి తిరిగి వస్తుందో ఆమెకి చెప్పినవాళ్ళు లేరు.

ఎరుపూ నలుపూ మాత్రలు మింగిన ఆ వారమే, మిషన్ ముందు కూర్చున్న మనిషికి నడుము పక్కన ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. తర్వాత వణుకు. కాజా వంకర పోయింది. ఇంకోటీ పోయింది. సూపర్‌వైజరు చొక్కా ఎత్తి పట్టుకుని అరుస్తుంటే, అతని నోరు కదలడం కనపడుతోంది కానీ మాట వినపడటం లేదు. మిషన్ మీది చొక్కాపై తల ఆనించింది. అంతే తెలుసు.

గుండీలక్క మిషన్ ఆపేసింది. బిళ్ళా లేదు, అనుమతీ లేదు. కాజాలమ్మాయిని ఇంకో ఇద్దరి సాయంతో లేవనెత్తి, సూపర్‌వైజరు బల్ల పక్కనుంచే మోసుకుపోయి, వీధిలో వెళ్తున్న సరుకుల బండిని ఆపి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. దారంతా తన భాషలో ఏదో చెప్తూనే ఉంది. కాజాలమ్మాయికి ఒక్క మాటా అర్థం కాలేదు. కానీ చిన్నప్పుడు జ్వరంలో అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి గొణిగిన మాటలూ ఆమెకి అర్థమయ్యాయా ఏంటి? అదీ ఇలాగే ఉండేది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పక్కన ఒక దుబాసీ ఉంది. ఇదే దారిన వీళ్ళకంటే చాలా ముందు నడిచొచ్చిన మనిషి. నడివయసు, బొంగురు గొంతు, ఎవరికీ వెరవని తీరు. కబురందుకుని ఇటుక దుమ్ముతోనే పరిగెత్తుకొచ్చాడు భర్త.

"ఈ జబ్బుకి ఇంతకుముందు ఏమేం మందులు వాడింది అని అడుగుతున్నారు" అంది దుబాసీ.

"ఏమీ వాడలేదండీ. మా ఆవిడ గట్టి మనిషి" అన్నాడు భర్త. గర్వంగానే అన్నాడు పాపం.

"అన్నా, నేను ఆమెని అడిగాను" అంది దుబాసీ. తర్వాత మంచం మీదికి వంగి, "చెప్పు చెల్లీ" అంది.

కాజాలమ్మాయి కళ్ళు మూసుకునే చెప్పింది. ఎరుపూ నలుపూవి. పొడుగ్గా తెల్లవి. ఒకసారి పసుప్పచ్చవి, వాటికి కడుపులో తిప్పింది. పేర్లు తెలీవు. ఎప్పుడూ అన్నీ వేసుకోలేదు. ఎందుకు వేసుకోలేదని దుబాసీ అడిగితే, "ఇంట్లో ఇంకా మనుషులున్నారు కదక్కా" అంది. దుబాసీ ఆ మాటనీ ఉన్నదున్నట్టు డాక్టరమ్మకి చెప్పింది.

జబ్బు మూత్రపిండాలకి ఎక్కింది. మొదట ఎక్కించిన సూదిమందుకి జ్వరం చెక్కు చెదరలేదు. రెండోది మార్చారు, దానికీ లొంగలేదు. పరీక్షకి పంపిన మూత్రంలో పెరిగిన క్రిములు మామూలు మందులన్నిటినీ ఎరిగినవే. కాజాలమ్మాయికి ఆ రోజులు ముక్కలు ముక్కలుగానే గుర్తు. పైకప్పు మీద తేమ మరక. భర్త గోడకి ఆనుకుని నిలబడి ఉండటం. అతని ముఖంలో, సరిహద్దు దాటేటప్పుడు కూడా లేని భయం.

అత్త వచ్చింది. సంచిలో డబ్బా పెట్టుకుని మరీ వచ్చింది. ఇక్కడి సూదులు పనిచేస్తాయో లేదో, అవసరమైతే నాలుగు గొట్టాలు తనే మింగిద్దామని. మూత తీస్తుండగా డాక్టరమ్మ చూసింది. కాజాలమ్మాయికి గుండె ఆగినంత పనయింది. అత్తని ఎవరైనా పదిమందిలో కోప్పడితే ఆ మనిషి మళ్ళీ తలెత్తదని ఆమెకి తెలుసు. డాక్టరమ్మ కోప్పడలేదు. మంచం అంచున కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి చూసింది. కొన్నిటికి పేర్లున్న చోట కత్తెర పడింది. కొన్ని అత్తకే ఏవో తెలీదు. "ఇవన్నీ ఎక్కడివి?" అని అడిగించింది.

"దారి పొడుగునా మా వాళ్ళని చూసుకున్నది నేనే" అంది అత్త, గడ్డం పైకెత్తి.

డాక్టరమ్మ చెప్పినదాన్ని దుబాసీ వీళ్ళ భాషలో చెప్పింది. "ఆ దారిలో మీరున్న చోట నేనున్నా అదే చేసేదాన్ని అంటున్నారు పిన్నిగారూ. ఇక్కడ మేమున్నాం, ఆ బరువు మీరొక్కరే మొయ్యక్కర్లేదు అంటున్నారు." ఆ తర్వాత డాక్టరమ్మ ఇంకా చాలాసేపు ఏదో వివరించింది. దుబాసీ అంతా విని, కాస్త ఆలోచించి, "అదంతా నాకు చెప్పడం రాదు కానీ ఇలా అనుకోండి" అంది. "పాముని కొడితే చచ్చేదాకా కొట్టాలి. సగం కొట్టి వదిలేస్తే అది పగబట్టి తిరిగొస్తుంది, ఈసారి కర్రకి భయపడదు. మీ కోడలి ఒంట్లో ఉన్నవన్నీ సగం దెబ్బలు తిన్న పాములే. ఆ కర్రలన్నీ వాటికి అలవాటైపోయాయి. పక్కవాళ్ళ జబ్బు మందూ అంతే, పాము ఒక చోటుంటే ఇంకో చోట కొట్టినట్టు. ఇప్పుడు ఇంకా పనిచేసే కర్ర ఒకటి వెతికారు."

అత్త డబ్బా వెనక్కి తీసుకుంది. డబ్బా మూత పెట్టబోయింది, పట్టలేదు. "ఇంట్లో ఇంకెవరికైనా ఈ బాధ ఉందా?" అని డాక్టరమ్మ అడిగిస్తే, "లేదు" అంది. ప్రశ్న పూర్తికాకముందే అంది.

మూడో మందు పనిచేసింది. ఒక మధ్యాహ్నం కాజాలమ్మాయి ఒళ్ళంతా చెమట పట్టి, దుప్పటి తడిసి, కళ్ళు తెరిచేసరికి లోకం మళ్ళీ అంచులు తేలి కనపడింది. ఆకలేసింది. ఆ తర్వాత అక్కడ గడిపిన రోజుల్ని ఆమె ఇప్పటికీ తలుచుకుంటుంది, పుట్టింటికి వెళ్ళొచ్చిన ఆడపిల్ల తలుచుకున్నట్టు. పెళ్ళయ్యాక పగటిపూట పడుకోవడం అదే మొదటిసారి. వేళకి కంచంలో అన్నం పెట్టి మంచం దగ్గరికే తెచ్చేవాళ్ళు. తెచ్చినావిడకి ముందు పెట్టకుండా తనెలా తినడమా అని మొదటి పూట ఆమె తికమకపడింది. నర్సు వచ్చి ఎన్ని నీళ్ళు తాగావని అడిగేది. సీసా ఖాళీగా కనపడితే మెచ్చుకుని భుజం తట్టేది. ఎన్నిసార్లు ఒంటికి వెళ్ళావని అడిగేది. ఎక్కువసార్లు వెళ్ళానంటే సంతోషపడేది. నీళ్ళు తాగినందుకూ, ఒంటికి వెళ్ళినందుకూ ఒక మనిషిని మెచ్చుకునే చోటు ఈ భూమ్మీద ఉందని కాజాలమ్మాయికి అప్పటిదాకా తెలీదు. మరుగుదొడ్డికి గడియ ఉంది. మొదటిసారి ఆ గడియ వేసుకుని లోపల ఊరికే కాసేపు నిలబడింది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

కృతజ్ఞత అనే మాట ఆమెకి కొత్తది కాదు. దేశం విడిచి వచ్చినవాళ్ళకి అది రోజువారీ సరుకు. గది ఇచ్చారు, కృతజ్ఞత చూపించు. పని ఇచ్చారు, తల వంచు. ప్రాణాలతో తెచ్చాడు, నోరెత్తకు. ఆ కృతజ్ఞత ఎప్పుడూ ఎవరో చెయ్యి చాచి అడిగి తీసుకున్నదే, వడ్డీకి తెచ్చిన అప్పులాగా. ఇప్పుడు ఆ మంచం మీద, చేతికి సూది గుచ్చి ఉండగా, తనంతట తానే పొంగుకొచ్చింది ఏదో. గుండీలక్క మిషన్ ఆపేసిన క్షణం మీద. "నేను ఆమెని అడిగాను" అన్న బొంగురు గొంతు మీద. ముసలావిడ పరువు తియ్యకుండా డబ్బా ఒళ్ళో పెట్టుకున్న చేతుల మీద. దీన్ని ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టే కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు. నర్సు కంగారుపడి నొప్పా అని సైగ చేస్తే, కాదని తలూపింది. ఇంకా కారుతున్నాయి. ఇన్ని నీళ్ళు తాగించారు మరి, ఎటో ఒకవైపు పోవాలి కదా అనుకుని ఆమెకే నవ్వొచ్చింది.

ఇంటికి పంపేటప్పుడు ఇంకొన్ని రోజులు మింగమని మాత్రలిచ్చారు. క్రిములు ఇంకా లొంగే మందుల్లో చివరిదాకా మిగిలిన రకం అది. అన్నీ నువ్వే, ఒక్కటి కూడా మిగలకూడదు అని దుబాసీ మళ్ళీ మళ్ళీ చెప్పింది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి పొయ్యి దగ్గర మాడిన గిన్నెలు బోర్లించి ఉన్నాయి. తోమినవే, కానీ ఇటుకలు తోమినట్టు తోమాడు భర్త. కూతురు జడ ఒకవైపు చెవి పైన, ఒకవైపు మెడ కింద. వచ్చిందని తెలిసి చుట్టుపక్కల వాళ్ళు పలకరించడానికి వచ్చారు. పెద్దాసుపత్రి మందంటే గట్టిది, ఒకటుంటే ఇవ్వమ్మా, మావాడి దగ్గు కట్టేస్తుంది అని ఒకావిడ. భర్త దవడ మళ్ళీ వాచి ఉంది. జనం వెళ్ళాక, ఆమె సంచిలోంచి మాత్రలు తీసి నీళ్ళు పోసుకుంటుంటే, పక్కన చతికిలబడ్డాడు.

"ఒకటి ఇటివ్వవే. ఒక్కటేగా, ఏం పోతుంది? రాత్రంతా నిద్ర లేదు."

ఆమె చెయ్యి అలవాటుగా సగం దూరం వెళ్ళింది. అక్కడ ఆగింది. ఆ చెయ్యిని తనే చూసుకుంది, ఇంకెవరిదో చూసినట్టు.

"ఇవి నావండీ" అంది.

గట్టిగా అనలేదు. అయినా చెక్కగోడకి అవతల మాటలు ఆగిపోయాయి. ఈ ఇంట్లో, అంతకుముందు ఇంట్లో, దారిలో, డేరాల్లో ఏ వస్తువు గురించీ ఆమె ఆ మాట అని ఎరగదు. భర్తకి కోపం కూడా రాలేదు, వింతగా చూశాడు. తర్వాత సాక్షి కోసం తల్లివైపు తిరిగాడు.

"చూడమ్మా దీని వరస."

అత్త బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "కాళ్ళున్నాయిగా నీకు" అంది. "క్లినిక్కి నడువు. పన్ను చూసే డాక్టరు ఉన్నాడట. దాని నోట్లో మాత్ర లాక్కుని నీ నోట్లో వేసుకోడానికి నేను కన్నది కొంగనా, కొడుకునా?"

వెళ్ళాడు. పూట పని పోగొట్టుకుని మరీ వెళ్ళాడు. సాయంత్రం నోట్లో దూదితో, ఒక పన్ను తక్కువగా వచ్చి, "పీకేశారు. గొట్టం మాత్ర ఒక్కటీ ఇవ్వలేదు. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారు. ఉప్పునీళ్ళకి అంత దూరం నడవాలా?" అని ముద్దముద్దగా విసుక్కున్నాడు. మర్నాటికి వాపు తీసింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. వాపు తీసిన దవడతో మరుగుదొడ్డి తలుపుకి ఒక గడియ బిగించాడు. ఎవరడిగారో ఏమో, కాజాలమ్మాయి అయితే అడగలేదు. మేకులు నోట్లో పెట్టుకుని సుత్తితో కొడుతుంటే పేకాటవాళ్ళు వెక్కిరించారట. వాళ్ళని ఇంకో చెట్టు కిందికి పొమ్మన్నాడట. కూతురొచ్చి చెప్పింది.

మందు డబ్బా మాత్రం అత్త ఒక రోజున తనే తీసుకెళ్ళి క్లినిక్‌లో ఇచ్చేసి వచ్చింది. వెళ్ళేటప్పుడు ఎవరినీ తోడు రమ్మనలేదు. జ్వరం చూసే గొట్టం, దూది, కట్టు గుడ్డలు, విరేచనాలకి కలిపి తాగే పొడి మాత్రం వాళ్ళు అందులోనే ఉంచి తిరిగిచ్చారు. ఆ వారం ఎవరో దగ్గుతూ "కాంపౌండరమ్మా" అని వస్తే, ఆవిడ జ్వరం చూసి, చెప్పులు తొడుక్కుని, "పద, నేనూ వస్తాను, అక్కడ నాకు తెలిసినవాళ్ళున్నారు" అంది. క్లినిక్కి కూడా వచ్చే దుబాసీ గురించి అన్నమాట అది. పెద్దరికానికి ఏ లోటూ రాలేదు. కాకపోతే ఇప్పుడు అది నడిచి వెళ్తోంది.

కాజాలమ్మాయి తిరిగి పనిలోకి వెళ్ళిన రోజు గుండీలక్క తన సీసాలో నీళ్ళు మూతలో పోసి ఇచ్చింది. ఇద్దరూ తాగారు. కాసేపటికి కాజాలమ్మాయి లేచి సూపర్‌వైజరు బల్ల దగ్గరికి వెళ్ళి బిళ్ళ తీసుకుంది. వచ్చి ఇచ్చింది. మధ్యాహ్నం మళ్ళీ లేచింది. అతను ఏదో అన్నాడు. ఈసారి ఆ మాటకి అర్థం తెలుసు, మళ్ళీనా అని. జవాబు కూడా దుబాసీ దగ్గర నేర్చుకునే వచ్చింది. "అవును, మళ్ళీ" అంది అతని భాషలోనే, తప్పుల్లేకుండా. కటింగ్ మాస్టర్లు పగలబడదామని నోళ్ళు తెరిచేలోపు వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. గుండీలక్క లేచి వచ్చి ఆమె వెనక నిలబడింది. ఆవిడ వెనక ఇంకో ఆవిడ. వరస పెరిగింది. బిళ్ళ ఒక్కటే ఉంది. సూపర్‌వైజరు దానివైపూ వీళ్ళవైపూ చూసి, ఏం చెయ్యాలో తోచక, ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి పోయాడు. ఉద్యోగం పోతుందేమోనని ఆమెకి వారమంతా భయంగానే ఉంది. పోలేదు. వరసలో అందరినీ ఒకేసారి తీసేస్తే గుండీల్లేని చొక్కాలు ఎవరు కొంటారు?

ఇచ్చిన మాత్రలు ఆఖరిదాకా మింగింది. మళ్ళీ పరీక్షకి రమ్మన్నారు. ఆ పొద్దున్న అత్త స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. "నేనూ తోడొస్తానమ్మాయ్, నీకు నీరసంగా ఉంటుంది" అంది. నీరసం లేదు. అయినా సరే అంది కాజాలమ్మాయి. దారిలో అత్త ఒకచోట గోడ పట్టుకుని ఆగింది. చెప్పు పట్టీ జారిందంది. కాజాలమ్మాయి వంగి చూడబోయి, చూడకుండానే నిలబడిపోయింది. కుళాయి గొట్టం పట్టుకుని తను నిలబడినప్పుడు ఒళ్ళు ఎలా బిగుసుకుంటుందో ఆమెకి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ ఒకే గదిలో ఉండి, ఒకే కుళాయి దగ్గర నిలబడి, తను ఎప్పుడూ చూడలేదు. తనకి రెండు మాత్రలిచ్చిన చెయ్యి తన కోసం ఎన్ని తీసుకుందో ఒక్కనాడూ అడగలేదు.

కోడలి పరీక్ష బాగా వచ్చింది. డాక్టరమ్మ సంతోషంగా ఏదో అని, లేవబోయింది.

"అక్కా, ఆగమను" అంది కాజాలమ్మాయి దుబాసీతో. తను కూర్చున్న కుర్చీలోంచి లేచి, అత్త భుజాలు పట్టుకుని అందులో కూర్చోబెట్టింది. ముసలావిడ వద్దు వద్దంటూనే కూర్చుంది.

"పిన్నిగారూ, ఏంటి ఇబ్బంది?" అంది దుబాసీ.

అత్త కోడలివైపు చూసింది, నువ్వే చెప్పు అన్నట్టు. కాజాలమ్మాయికి చెప్పడం తెలుసు. కానీ చెప్పలేదు. పక్కన నిలబడి ఆ ముసలి చెయ్యి పట్టుకుంది, అంతే. అత్త గొంతు తగ్గించి, ఎక్కడ మంటో చెప్పింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

అత్త ఒళ్ళో చెంగు సర్దుకుంది. కాలెండరు చూసినట్టు ఎదురుగోడవైపు చూసింది.

"పెళ్ళయినప్పటి నుంచి" అంది.

దుబాసీ తర్జుమా చేసింది. అవతలి భాషలో అది ఏ మాటగా మారిందో కాజాలమ్మాయికి తెలీదు. డాక్టరమ్మ మాత్రం చేతిలో కలం బల్ల మీద పెట్టేసి, కుర్చీని అత్తకి దగ్గరగా లాక్కుని, దుబాసీతో "మొదటి నుంచి చెప్పమను" అంది.